పావురం పిల్లను దక్కించే చేతులు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అపార్టుమెంట్లలో ఏసీ పెట్టెల వెనక పావురాలు నాలుగు పుల్లలు పేర్చి గుడ్లు పెట్టేస్తాయి. బాల్కనీకి వల కట్టించిన రోజున తల్లి బయట, పిల్ల లోపల. అలాంటి పిల్లను సాకి బతికించేవాళ్ల పనితనం నాకు మహా ముచ్చట.

పసుపు నూగు, ఇంత ముక్కు! అందగత్తేమీ కాదు. కోడిపిల్లలాగా గింజలు ఏరుకోవడమూ రాదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతుసంచిలోనూ ఊరే పాలలాంటి ముద్దే తొలిరోజుల తిండి. దాన్ని పెద్దవాళ్ల నోట్లోకి ముక్కు దూర్చి లాక్కుంటుంది. ఈ కిటుకు తెలిసినవాళ్లు సిరంజి కొన కోసి, రబ్బరు తొడిగి, చిన్న చీలిక పెడతారు. ముక్కు అందులో దూరిందా, ఇక గబగబా తినడమే. కాస్త ఈకలొచ్చాక నానబెట్టిన బఠాణీలు, గోరువెచ్చగా. ప్రతిసారీ ముందు గొంతుసంచిని వేలితో తాకి చూస్తారు. అది ఖాళీ కాకుండా మళ్లీ పెట్టరు. ఒళ్లు చల్లబడి ఉంటే వెచ్చబరిచాకే తిండి, లేకపోతే అరగదు. నోట్లో పసుపు గడ్డలు కనిపిస్తే ఇంటివైద్యం మాని పశువైద్యుడి దగ్గరికి పరుగే.

పావురాలంటే విసుక్కునేవాళ్లనూ తప్పుపట్టలేం. రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. సాకేవాళ్లు మాస్కు కట్టుకునే శుభ్రం చేయాలి.

నాలుగైదు వారాల్లో పిల్ల ఎగిరిపోతుంది. మీకెప్పుడైనా దొరికితే ఆవుపాలు పట్టకండి, నోట్లో నీళ్లు పిండకండి. వల కట్టించేముందు ఏసీ వెనక ఒకసారి తొంగిచూడండి.