గట్టు మీది గడ్డికీ ఓ అడ్రసు

మొక్క మీద చెయ్యి వేసే ముందు నోటుబుక్కు తెరవాలి. బాటనీ పిల్లలను ఫీల్డ్‌కు తీసుకుపోయే సార్లు మొదట చెప్పే మాట ఇది. తేదీ, ఊరు, చోటు, పక్కన ఏమేం మొలిచాయి, పువ్వు ఏ రంగు, అన్నీ అక్కడ నిలబడే రాయాలి. ఎండిన పువ్వు రంగు మారుతుంది. సాయంత్రం హాస్టల్లో కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసేది సగం ఊహే.

ఈ పనితో తయారయ్యేదే హెర్బేరియం. మొక్కలను నొక్కి, ఎండబెట్టి, అట్టలకు అంటించి, వివరాలు రాసి దాచిన నమూనాల సేకరణ. ఇది 16వ శతాబ్దంలో ఇటలీలోని పీసాలో లూకా గీనీ అనే ఆచార్యుడు శిష్యులకు నేర్పిన విద్య. మన వైపు చూస్తే, 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించిన విలియం రాక్స్‌బరో వాటి తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లాకు టి. పుల్లయ్య, బి. రవిప్రసాదరావు 1995లో తెచ్చిన ‘ఫ్లోరా ఆఫ్ నిజామాబాద్’ ఉంది. అలాంటి పుస్తకాల వెనకా ఈ పాత పేపర్ల కట్టలే ఉంటాయి.

బతుకమ్మకు ముందు రోజులు ఈ పనికి మంచి కాలం. అలీసాగర్ పార్కు చుట్టుపక్కల తంగేడు పూసి ఉంటుంది, గట్ల మీద గునుగు నిలబడి ఉంటుంది. పార్కు లోపల అనుమతి లేనిదే ఆకు కూడా తెంపకూడదు కాబట్టి పిల్లలు బయట కాలువ గట్లు, చెలకలు పట్టుకుంటారు. మంచు ఆరిందాకా ఆగాలి, తడి మొక్కకు బూజు తొందరగా పడుతుంది. చిన్న మొక్కయితే వేళ్లతో సహా తీయాలి, చెట్టయితే జానెడు కొమ్మ చాలు. పువ్వో కాయో లేకుంటే ఆ నమూనా పెద్దగా పనికిరాదు. చుట్టూ ఇరవై మొక్కలుంటే ఒకటి తీయాలి, తక్కువైతే ఫొటోతో సరిపెట్టుకోవాలి.

గునుగును పేపరు మడతలో పరిచేటప్పుడు అసలు నైపుణ్యం తెలుస్తుంది. ఆకు మీద ఆకు పడకూడదు. ఒక ఆకును తప్పకుండా తిరగేసి పెట్టాలి, ఈనెలూ నూగూ అడుగు వైపే కదా బాగా కనబడేది. హైడ్రిల్లా లాంటి నీటి మొక్కను బయటికి లాగితే ముద్దయిపోతుంది. పళ్లెంలో నీళ్లు పోసి, మొక్కను తేలనిచ్చి, కింది నుంచి కాగితంతో మెల్లగా పైకి లేపాలి. తర్వాత అట్టల మధ్య పెట్టి బెల్టు బిగించాలి. మొదటి నాలుగైదు రోజులు రోజూ పేపరు మార్చాలి, ముసురు పట్టినప్పుడు రెండు పూటలా. చాలామంది నమూనాలు చెడేది ఇక్కడే, బద్ధకం వల్ల.

మంజీర ఒడ్డున రెల్లు మనిషికన్నా ఎత్తు పెరుగుతుంది. అట్టేమో 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు. అందుకే రెల్లును నడుములో విరిచి ‘వి’ ఆకారంలోనో, ఇంకా పొడవైతే మూడు మడతలుగానో పెడతారు. "గా రెల్లును కట్టలు గట్టుడేంది బిడ్డా, పశువులు గూడ సరిగ తినయి" అని నవ్వే రైతులుంటారు. కానీ వాళ్ల పొలాల్లోని చెరకుకు ఈ గడ్డి చుట్టమే. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు పంట చెరకును రెల్లుతో సంకరం చేసి 1918లో ‘కో 205’ రకం ఇచ్చారు. ఇప్పటి చెరకు రకాల్లో దాదాపు అన్నింటికీ రెల్లు వారసత్వం ఉంది.

అట్ట కింద కుడి మూలన అంటించే లేబుల్‌కు నేను మొక్కకన్నా ఎక్కువ విలువ ఇస్తాను. పేరు తప్పు రాసినా ఎప్పుడో ఒకరు దిద్దుతారు. ఊరూ తేదీ లేకుంటే అది ఎండు గడ్డి, అంతే. 1950ల్లో పూణే దగ్గర కనబడిన వయ్యారిభామ కలుపు దేశమంతా పాకింది. ఏ జిల్లాకు ఎప్పుడొచ్చిందో తేల్చాలంటే తేదీ ఉన్న అట్టలే సాక్ష్యం. మార్కుల కోసం పరీక్షకు ముందు రోజు ఇంటి వెనక నాలుగు కొమ్మలు విరిచి ఊరి పేరు కల్పించి రాసేవాళ్లున్నారు. అది రికార్డు కాదు, అబద్ధం.

ఇలాంటి సాక్ష్యం ఎందుకు కావాలో తెలియాలంటే ఇదే జిల్లాలోని బోధన్ సంగతే తీసుకుందాం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగింది, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. 2015 డిసెంబరులో అది మూతబడింది. చెరకు మడులు వరి మడులవుతున్నాయి. నీరు నిలిచే వరిలో తుంగ, గుంటగలగర లాంటివి వస్తాయి, ఆరుతడి చెరకు సాళ్లలో వేరే కలుపు వస్తుంది. పంట మారితే గట్టు కింద మొలిచేదీ మారుతుంది. ఆ మార్పు రెవెన్యూ లెక్కల్లో ఉండదు, తేదీ ఉన్న అట్టల్లోనే ఉంటుంది.

విచిత్రం ఏమంటే చెరకును మాత్రం పిల్లలు సేకరించరు, సాగు పంట కదా అని. నా మాట వింటే ఈ ఏడు ఒక గడ కోసుకుని, ఆకును మూడు మడతలు పెట్టి, రైతు చెప్పిన రకం పేరూ సర్వే నంబరూ రాసి, తుంగ పక్కనే దాచమంటాను.