ఈకను చదివే చేతులు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది. ఊరు దాటి సాలువా వైపు నడిస్తే ఎర్రమట్టి, సాల చెట్లు, కొమ్మల్లో తళుక్కుమనే పసుపు వంగపండు పిట్ట. ఆ పసుపును చూసినప్పుడల్లా గుర్తు కోసం పక్షుల కాళ్లకు కడియాలు తొడిగేవారి విద్యకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

వాళ్ల పనిముట్లు కొన్నే: సన్నని వల, గుడ్డ సంచి, కొలబద్ద, అల్యూమినియం కడియం. పిట్ట మెడను రెండు వేళ్ల మధ్య ఉంచి, రొమ్ము నొక్కకుండా పట్టుకుంటారు. రొమ్ము కదలకపోతే పిట్టకు ఊపిరాడదు. తర్వాత రెక్క విప్పి ఈకలు చదువుతారు. ఈక మొలిచే రోజుల్లో తిండి కరువైతే దానిమీద అడ్డంగా సన్నని గీత పడుతుంది. ఈక అక్కడే విరగొచ్చు.

రంగూ పిట్ట సంగతి చెప్పే చీటీయే. చాలా పిట్టలకు పసుపు, ఎరుపు తిండిలోని కెరోటినాయిడ్ల నుంచే వస్తాయి. పులికాట్ సరస్సు ఫ్లెమింగోల గులాబీ రంగూ అంతే. నలుపునిచ్చే మెలనిన్ ఈకను గట్టిపరుస్తుంది. అమెరికాలో హౌస్ ఫించ్‌లను గమనించిన పక్షి శాస్త్రవేత్త జెఫ్రీ హిల్ 1991లో ఒక సంగతి చెప్పాడు: ఎరుపు ఎక్కువున్న మగపిట్టలు గూటిని బాగా చూసుకున్నాయి, చలికాలం దాటి ఎక్కువగా బతికాయి.

మన దేశంలో 1959లో సలీం అలీ నాయకత్వాన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వలస పక్షులకు కడియాలు తొడిగే పెద్ద పని చేపట్టింది. గుప్పెడు ప్రాణాన్ని నలగనీయకుండా చదివి, మళ్లీ గాలికి అప్పగించే ఆ చేతులు ఎంత గొప్పవి!