కాన్పు గదిలోని పాత పరిశోధనలు

నాగోల్ నుంచి ఉప్పల్, హబ్సిగూడల మీదుగా తార్నాక వరకు సాగే దారి పొడవునా జాతీయ స్థాయి పరిశోధన సంస్థలు వరుస తీరి ఉన్నాయి. జన్యు పరీక్షలకు పేరొందిన సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లోనూ, జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ హబ్సిగూడలోనూ, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనూ ఉండగా, వాటికి కూతవేటు దూరంలోనే నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి, ఉప్పల్ పరిసరాల బస్తీ దవాఖానాలు, సందుకొకటిగా వెలసిన నర్సింగ్ హోములు ఉన్నాయి. పరిశోధనకూ వైద్యాచరణకూ నడుమనున్న ఎడం గురించి మాట్లాడేవారు సాధారణంగా ఇటువంటి పటాన్నే మనసులో పెట్టుకుంటారు: ఒక పక్క తెలిసినవారు, మరో పక్క తెలియనివారు, మధ్యలో దారి వేస్తే చాలునన్నట్టు. కాన్పుల విషయంలో ఈ ఊహ నిలవదు, ఎందుకంటే పరిశోధన కాన్పు గదికి ఎప్పుడో చేరింది. నిన్నటి పరిశోధన అక్కడే పీట వేసుకుని కూర్చుని, కొత్తదానికి చోటివ్వకపోవడమే అసలు చిక్కు.

గంటకు ఒక సెంటీమీటరు అనే లెక్క ఇందుకు చక్కని ఉదాహరణ. నొప్పులు ముదిరేకొద్దీ గర్భాశయ ముఖద్వారం మెల్లగా విచ్చుకుంటూ 10 సెంటీమీటర్లకు చేరినప్పుడు శిశువు బయటికి రావడానికి దారి ఏర్పడుతుంది. న్యూయార్క్‌లో ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్ అనే వైద్యుడు తొలి కాన్పుకు వచ్చిన 500 మంది స్త్రీలను గమనించి, ఈ విచ్చుకోవడం ఏ వేగంతో సాగుతుందో చూపే వక్రరేఖను 1955లో ప్రచురించాడు. ఆ స్త్రీలలో అత్యధికులకు మత్తుమందులు ఇచ్చారన్న సంగతీ, సగానికి పైగా కాన్పుల్లో శిశువును ఫోర్సెప్స్ అనే పటకార్లతో బయటికి తీశారన్న సంగతీ మరుగున పడగా, రేఖ ఒక్కటే పాఠ్యపుస్తకాలకెక్కి సహజ ప్రసవానికి కొలమానమై కూర్చుంది. 1972లో, నాటి రొడీషియాలో పనిచేసిన ఫిల్‌పాట్, కాజిల్ అనే వైద్యులు, కాన్పు పురోగతిని గంటగంటకూ గుర్తించే పార్టోగ్రాఫ్ అనే పత్రంలో గంటకు ఒక సెంటీమీటరు చొప్పున సాగే హెచ్చరిక గీతను గీసి, దానికి 4 గంటల ఎడంగా మరొక గీతను, అంటే ఇక చికిత్స మొదలుపెట్టాలని చెప్పే చర్య గీతను, చేర్చారు. అయితే వారు హెచ్చరిక గీతను గీసింది, పెద్దాసుపత్రికి దూరంగా ఉన్న కేంద్రాల్లో కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌లు తల్లిని ఎప్పుడు పైఆసుపత్రికి పంపాలో తెలుసుకోవడానికి. బండి కట్టించడానికి గీసిన ఆ గీత కాలక్రమంలో, అప్పటికే పెద్దాసుపత్రి మంచం మీద ఉన్న తల్లికి నొప్పులు పెంచే ఆక్సిటోసిన్‌ను ఎప్పుడు ఎక్కించాలో, ఆపరేషన్ గదికి ఎప్పుడు తీసుకుపోవాలో నిర్ణయించే గీతగా మారిపోయింది.

నైజీరియా, ఉగాండాల్లో జరిగిన అధ్యయనాలు, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడిన కాన్పుల్లో సైతం ఎన్నో ఈ వేగాన్ని అందుకోలేదని తేల్చిన మీదట, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన 56 సిఫారసుల్లో గంటకు సెంటీమీటరు లెక్కను ఆధారంగా తీసుకుని కాన్పును తొందరపెట్టవద్దని చెప్పింది. నొప్పుల చురుకైన దశ, అంటే ముఖద్వారం వడిగా విచ్చుకునే దశ, 4 కాదు, 5 సెంటీమీటర్ల వద్ద మొదలవుతుందనీ సవరించింది. పరీక్షలో 4 సెంటీమీటర్లని రాసి ఉత్తీర్ణులైన తరాలవారు ఇప్పుడు 5 అని నమ్మి, నొప్పులతో మెలికలు తిరుగుతున్న కోడలి గురించి వరండాలో ఆరా తీస్తున్న అత్తగారికి ఇంకా సమయముందని నచ్చజెప్పవలసి ఉంది. కొత్త విషయం నేర్చుకోవడం కంటే నేర్చుకున్నదాన్ని విడిచిపెట్టడం కష్టమన్నది వైద్యానికి కొత్త కాదు. 1888, 1889 సంవత్సరాల్లో ఆరో నిజాం ధనసహాయంతో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు నడిపించిన హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు, ఆ మత్తుమందు ఇచ్చేటప్పుడు శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు ప్రమాదం లేదని ఎన్నో జంతు ప్రయోగాల అండతో ప్రకటించగా, క్లోరోఫామ్ గుండె లయనే చెదరగొట్టి ఆపగలదని 1911లో లీవీ అనే వైద్యుడు నిరూపించేనాటికి ఆ ధీమా ఇరవయ్యేళ్లుగా చెలామణిలో ఉంది.

తెలంగాణలో ఈ చర్చకు ఉన్న బరువును అంకెలే చెబుతాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతుండగా, మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం మాత్రమే. మరోవంక, లక్ష సజీవ జననాలకు ఎందరు తల్లులు మరణిస్తున్నారో చెప్పే మాతృమరణాల నిష్పత్తి రాష్ట్రంలో 2014-16లో 81 ఉండగా, 2018-20 నాటికి 43కు దిగింది కనుక, ఆసుపత్రి కాన్పులను నిందించి పాత రోజులను తలచుకుని నిట్టూర్చడం అవివేకమే. ఆసుపత్రి తల్లిని బతికించింది, కాదనలేము. అవసరం లేని కోతకూ అదే అలవాటుపడింది. ముహూర్తం చూసి మరీ పెద్దాపరేషన్ పెట్టించుకునే కుటుంబాలనూ, కాన్పు ఖర్చు మీద నిలబడ్డ నర్సింగ్ హోముల ఆదాయాన్నీ లెక్కలోకి తీసుకోకుండా, వైద్యులు తాజా పరిశోధనలు చదవకపోవడమే కారణమనడం సగం నిజమే అవుతుంది.

ఏ మందూ ఏ యంత్రమూ అక్కరలేని సిఫారసు కూడా ఎక్కడ చిక్కుకుంటుందో చూస్తే ఈ ఎడం స్వభావం బోధపడుతుంది. కాన్పు సమయంలో తల్లి పక్కన ఆమెకు నమ్మకమైన ఒక మనిషి ఎడతెగకుండా ఉంటే సిజేరియన్లు తగ్గుతాయని, నొప్పుల కాలం కొంత తగ్గుతుందని, అనేక దేశాల్లో జరిగిన 26 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2017లో తేల్చింది. కాక్రేన్ సమీక్ష అంటే ఒకే ప్రశ్న మీద జరిగిన నమ్మదగిన పరీక్షలన్నింటినీ ఏరి, తూచి, కలిపి చెప్పే తీర్పు. భారత ప్రభుత్వం అంతకుముందే, 2016లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడు మనిషిని అనుమతించింది. కానీ ఒకే హాలులో పక్కపక్కనే నాలుగైదు కాన్పు బల్లలు వేసి, నడుమ తెర లేనిచోట, ఒకరి తల్లినో భర్తనో లోపలికి పంపడమంటే మిగిలిన స్త్రీలందరి మరుగునూ తీసివేయడమే కాబట్టి, డ్యూటీ నర్సు వారిని తలుపు దగ్గరే ఆపుతుంది, ఆపడం ఆమె తప్పూ కాదు. అక్కడ పరిశోధనకూ ఆచరణకూ మధ్య లోటుగా ఉన్నది గజాల్లో కొలిచే గుడ్డ; దాన్ని కొనడానికి సంతకం చేయవలసిన అధికారి వైద్య పత్రికలు చదివితే ఎంత, చదవకపోతే ఎంత!

పరిశోధనకూ ఆచరణకూ మధ్యనున్న లోటును హైదరాబాదులో మనుషులతో పూరించే ప్రయత్నం ఒకటి జరుగుతోంది. 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలో 2011లో మిడ్‌వైఫ్‌ల శిక్షణకు పూనుకుంది. మిడ్‌వైఫ్ అంటే ఇక్కడ, నర్సింగ్ చదివి, సాధారణ కాన్పును మొదటి నుంచి చివరి వరకు తన బాధ్యత మీద నడిపించేందుకు, ప్రమాద సూచన కనబడగానే వైద్యుణ్ణి పిలిచేందుకు ప్రత్యేకంగా తర్ఫీదు పొందిన వ్యక్తి. పాత కాలపు మంత్రసానికి ఉన్న ఓర్పును ఆమె నుంచి ఆశించవచ్చు గానీ ఇద్దరి చదువూ ఒకటి కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్‌తోనూ ఫెర్నాండెజ్ సంస్థతోనూ కలిసి 30 మంది నర్సులకు కరీంనగర్‌లో 18 నెలల శిక్షణ ప్రారంభించింది. సిజేరియన్లు 80 శాతం దాటినట్టు ఆ తరవాత 2019-21 సర్వేలో తేలిన జిల్లా అది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫ్ సేవలకు దేశవ్యాప్త మార్గదర్శకాలను ప్రకటించింది. పరిశోధన కాగితం మీద ఎంత బలంగా ఉన్నా, నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన ఆరు గంటలు కూర్చోవడమే ఉద్యోగంగా ఉన్న మనిషి లేనిదే వేచి చూడమన్న సిఫారసు అమలు కాదన్నదే ఈ ప్రయత్నం వెనకనున్న ఆలోచన, అది సరైన ఆలోచన. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలోని సేవలు మేలైనవని చెప్పిన 2016 నాటి కాక్రేన్ సమీక్షలోని పరీక్షలన్నీ ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లండ్, బ్రిటన్‌లవే కాబట్టి, ఆ ఫలితాలను ఉప్పల్‌కు యథాతథంగా దించుకోలేము. ఇక్కడ నెలనెలా పరీక్షలు ఒక చోట, స్కానింగ్ మరో చోట, తొలి కాన్పు పుట్టింటి ఊళ్లో జరుగుతాయి. ఒకే మిడ్‌వైఫ్ మొదటి నెలల నుంచి బాలింత దశ వరకు వెన్నంటి ఉండే ఏర్పాటు దీనికి ఎలా అమరుతుందో ఇక్కడే పరీక్షించి చూడాలి.

అటువంటి పరీక్షలు ఇక్కడివాళ్లకు అలవి కానివేమీ కావు. పక్క రాష్ట్రమైన కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో ఏఎన్‌ఎం నర్సులు, కాన్పు తరవాతి రక్తస్రావాన్ని మిసోప్రోస్టాల్ మాత్ర ఆపగలదా అన్నదాన్ని 1,620 మంది తల్లుల విషయంలో పరీక్షించగా, అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని 2006లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. పోయిన రక్తాన్ని కంటి అంచనాతో కాక కొలతలతో తెలుసుకోవడానికి, తల్లి కింద పరిచే కొలగీతల ప్లాస్టిక్ సంచిని ఆ పరిశోధనకోసం అక్కడే రూపొందించారు. ఆ కోవకు చెందిన సంచినే ఆధారం చేసుకుని ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో జరిగి 2023లో వెలువడిన ఇ-మోటివ్ పరీక్షలో, రక్తస్రావాన్ని వెంటనే గుర్తించి, చేయవలసినవన్నీ ఒక్కుమ్మడిగా చేయడంవల్ల తీవ్ర పరిణామాలు దాదాపు 60 శాతం తగ్గాయి.

గంటకు సెంటీమీటరు గీతలను తొలగించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో రూపొందించిన లేబర్ కేర్ గైడ్ అనే కొత్త పత్రంలో, ముఖద్వారం కొలతలకంటే ముందు వరుసల్లోనే తోడు మనిషి ఉన్నారా, తల్లి ఏమైనా తాగిందా, ఏ భంగిమలో ఉంది అన్న ప్రశ్నలు వస్తాయి. దీన్ని భారతదేశంలోని 4 ఆసుపత్రుల్లో ప్రవేశపెట్టి చూసిన అధ్యయనం 2024లో వెలువడింది. నెలలు నిండి, శిశువు తల కిందికి ఉండి, నొప్పులు వాటంతటవే మొదలైన తొలి కాన్పు స్త్రీలలో సిజేరియన్లు 45.2 శాతం నుంచి 39.7 శాతానికి తగ్గాయి గానీ, గణాంక శాస్త్రపు కొలతల్లో ఆ తేడా కాకతాళీయం కాదని ఖాయంగా చెప్పేంత బలమైనది కాదు. కొత్త పత్రం వచ్చినా, ఆ పత్రాన్ని నింపే చేతులను ఎన్ని మంచాలకు పంచుకోవాలన్నది మారలేదు. ఆ అధ్యయనం లెక్కించిన స్త్రీలు రాబ్సన్ వర్గీకరణలో మొదటి గుంపువారు; 2001లో రాబ్సన్ అనే వైద్యుడు ప్రతిపాదించిన ఆ పద్ధతి ఎన్నో కాన్పు, గత సిజేరియన్, నొప్పులు మొదలైన తీరు, గర్భంలోని శిశువుల సంఖ్య, నిండిన వారాలు, శిశువు ఉన్న తీరు అనే ఆరు వివరాలతో కాన్పులన్నింటినీ పది గుంపులుగా విడదీస్తుంది. ఈ ఆరూ ఏ చిన్న నర్సింగ్ హోము కేస్ షీటులోనైనా నర్సు రాసేవే. నెలాఖరున వాటిని కూడి గోడ మీద పెట్టడానికి సీసీఎంబీ అక్కరలేదు, మొదటి గుంపులో ఈ నెల ఎంతమందికి కోత పడింది, ఎందుకు పడింది అని సహోద్యోగుల ఎదుట అడిగేందుకు సిద్ధపడే సీనియర్ వైద్యురాలు ఒకరు కావాలి.