ఖాళీ మైళ్ల లెక్క

టెక్సస్‌లో మనవాళ్లు నలుగురు చేరిన చోట ఉద్యోగాల కోతల మాట వస్తే చాలు, ఎవరో ఒక కుర్రాడు నన్ను పక్కకు పిలిచి అడుగుతాడు: "అన్నా, ఏ ట్రక్కు కొంటే మంచిది?" వెనక రెండేసి టైర్లున్న నా పికప్, దానికి తగిలించిన 40 అడుగుల గూస్‌నెక్ ట్రైలర్‌ చూసి అందరికీ ముందు బండి మీదే కన్ను పడుతుంది. బండి సంగతి చివర మాట్లాడుకుందాం తమ్ముడూ అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు.

పికప్‌తో అర్జెంటు సరుకు తోలే ఈ హాట్‌షాట్ పని టెక్సస్ చమురు బావుల దగ్గర పుట్టింది. మిడ్‌లాండ్, ఒడెస్సా వైపు ఒక రిగ్గు మీద వాల్వు పాడైతే పనంతా ఆగిపోతుంది. ఆ ఒక్క వాల్వు కోసం 18 చక్రాల లారీ నిండేదాకా ఎవరూ కూర్చోరు. పికప్ ఉన్నవాడిని పిలిచి, నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి, ఈ రాత్రికే తెమ్మంటారు. ఇప్పుడు చమురు సామానొక్కటే కాదు, చిన్న ట్రాక్టర్లు, స్కిడ్ స్టీర్లు, ఇనుప పైపులు, ఇళ్లు కట్టే కలప కూడా మా ట్రైలర్ల మీదే పోతున్నాయి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ట్రక్కు, ట్రైలర్ కలిపి 10,001 పౌండ్ల రేటింగ్ చేరి, రాష్ట్రం దాటి కిరాయికి తోలితే రవాణా శాఖ ఇచ్చే డీఓటీ నంబరు, కిరాయికి తోలే అనుమతిగా ఎంసీ నంబరు కావాలి. ఎంసీ దరఖాస్తుకు 300 డాలర్లు. రేటింగ్ మొత్తం 26,001 పౌండ్లకు చేరి, అందులో ట్రైలర్‌ది 10,000 దాటితే సీడీఎల్ అనే కమర్షియల్ లైసెన్సు తప్పదు. ఆ గీతకు లోపల ఉండాలనుకుంటే ట్రక్కు, ట్రైలర్ల ఇనుము బరువే సగానికి పైగా తినేస్తుంది, సరుకుకు మిగిలేది సుమారు 10,000 పౌండ్లు. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లకు స్టీరింగ్ పట్టే ఈ పని కుదరదు.

అసలు దెబ్బ ఇన్సూరెన్సు దగ్గర తగులుతుంది. చట్టం అడిగేది 7.5 లక్షల డాలర్ల లయబిలిటీ. లోడ్లు ఇప్పించే బ్రోకర్లు మాత్రం 10 లక్షలు ఉండాలంటారు, సరుకు మీద మరో లక్ష. కొత్తగా ఎంసీ నంబరు తీసుకున్నవాడికి ప్రీమియం వాచిపోతుంది. పైగా ఎంసీ నంబరు వచ్చి నెలలు గడవందే లోడు ఇవ్వని బ్రోకర్లు బోలెడుమంది. ఇరవై ఏళ్లు యాక్సిడెంటు లేకుండా కారు నడిపానంటే ఎవరూ వినరు, వాళ్లు చూసేది నంబరు వయసు. ఆ నెలల్లో బండి ఇంటి ముందే నిలబడి ఉంటుంది. కిస్తీ మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా కట్టాలి.

కొత్త ట్రక్కు వద్దని నేను మొత్తుకునేది అందుకే. ఈ వ్యాపారంలో మన చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, వద్దనడం. పెద్ద కిస్తీ నెత్తిన పెట్టుకున్నవాడు ఆ మాట అనలేడు.

లెక్క వేసి చూడండి. హ్యూస్టన్ నుంచి మిడ్‌లాండ్ దాదాపు 500 మైళ్లు. బ్రోకరు మైలుకు 2 డాలర్లంటాడు. వెయ్యి డాలర్లు, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ వైపు సామాను పోయేదే ఎక్కువ, వచ్చేది తక్కువ. అక్కడ దించిన బండ్లన్నీ తిరుగు లోడు కోసం పోటీపడి ధర చెడగొడతాయి. ఖాళీగా వెనక్కొస్తే నడిచింది 1,000 మైళ్లు, మైలుకు దక్కింది ఒక డాలరు. గాలనుకు 10 మైళ్లు ఇస్తే 100 గాలన్లు. డీజిల్ మూడున్నర ఉన్న రోజైతే 350 డాలర్లు అక్కడే పోయాయి. మిగిలిన 650లో ఇన్సూరెన్సు, ట్రక్కుకు ఆరు, నా ట్రైలర్‌కు ఎనిమిది టైర్లు, చివర్న నా తిండి. మిడ్‌లాండ్ లోడుకు వెనక్కొచ్చే దారి ఖర్చు కూడా కలిపి అడగాలి. ఇవ్వకపోతే ఫోను పెట్టేయాలి. విజయవాడ లారీ ఓనర్లకు ఇదేం కొత్త సంగతి కాదు. తిరుగు కిరాయి చూసుకోకుండా బండి కదిలించినవాడిని అక్కడా అమాయకుడనే అంటారు.

2021లో కిరాయిలు మండిపోతుంటే కొత్త ట్రక్కులు అడిగినంత పోసి కొన్నారు జనం. 2022లో కిరాయిలు దిగడం మొదలైంది. అదే జూన్‌లో డీజిల్ దేశ సగటు గాలనుకు 5.80 డాలర్లు దాటింది. కిస్తీ మాత్రం పైసా దిగలేదు. పదేళ్ల పాత బండ్లు రొక్కానికి కొన్నవాళ్లు నష్టమొచ్చే లోడు వదిలేసి ఇంట్లో కూర్చోగలిగారు. మిగతావాళ్లు నష్టానికైనా తోలారు.

నాకు ఈ పనిలో ఇష్టమైన భాగం నడపడం కాదు, సరుకు కట్టడం. మన దగ్గరైతే హమాలీలు, క్లీనరు, తాళ్లు, టార్పాలిన్. ఇక్కడ అన్నీ నేనే. నాలుగంగుళాల పట్టీ 5,400 పౌండ్లు మోస్తుందని దాని మీదే రాసి ఉంటుంది. వేసిన పట్టీల శక్తి మొత్తం కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. 10,000 పౌండ్లు చేరిన యంత్రమైతే కనీసం నాలుగు కట్లు. బయల్దేరాక మొదటి 50 మైళ్ల లోపు ఆగి చూడాలన్నది రూలు, ఆ తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో మళ్లీ. రూలు పెట్టినవాడెవడో బాగా తోలినవాడే అయ్యుంటాడు. ఎంత బిగించినా, కుదుపులకు సరుకు సర్దుకున్నాక పట్టీ వదులవుతుంది. పైపులైతే మరీను. వేళ్లతో మీటితే మోగాలి, మోగకపోతే రాచెట్ మరో రెండు పళ్లు తిప్పాలి. సుత్తితో టైర్లు తట్టి చూసే అలవాటు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

డబ్బు 30 రోజులకు వస్తుంది. ఆగలేనివాళ్లు బిల్లును ఫ్యాక్టరింగ్ కంపెనీకి అమ్మి, నూటికి రెండు నుంచి ఐదు వదులుకుంటారు. మొదటి ఏడాది అది తప్పకపోవచ్చు. తప్పించుకోగలిగింది ఇంకొకటుంది, డబ్బు రాని ఎదురుచూపు. లోడెక్కించే చోట రెండు గంటలు దాటితే డిటెన్షన్, అంటే ఆగినందుకు డబ్బు, ఇస్తామని బ్రోకర్లు ఫోనులో తియ్యగా చెబుతారు. రేటు కన్ఫర్మేషన్ కాగితం మీద గంటకెంతో రాసి పంపమనండి. అది వచ్చాకే బండి స్టార్ట్ చేయండి.