పాల లెక్కలో తేడా

క్యాంపస్ ఇంటర్వ్యూలకు ప్యానెల్లో కూర్చోవడం మొదలుపెట్టి 15 ఏళ్లు. బెదిరిపోయి గదిలోకి వచ్చే పిల్లల్ని చూస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు అని చాలా కంపెనీలు ముందే గీత గీస్తాయి. ఆ గీత జనాన్ని తగ్గించడానికే. ఆప్టిట్యూడ్ టెస్టూ అంతే. పని చేయగలరా లేదా అన్నది టెక్నికల్ రౌండ్లో, ఆ 20 నిమిషాల్లో మేం తేల్చుకోవాలి.

అక్కడ ముందు అడిగేది ఫైనలియర్ ప్రాజెక్టు గురించి. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల, ప్రాజెక్టులు కోడ్‌తో, రిపోర్టుతో సహా దొరుకుతాయి. అడిగే మాకూ తెలుసు, చెప్పే పిల్లలకూ తెలుసు. దగ్గరుండి చేయించేవాళ్లు లేనిచోట కొనుక్కున్నారని వాళ్లను తప్పుపట్టలేను.

ఒకసారి సత్తెనపల్లి వైపు అమ్మాయి ఒకతె ఫేస్ రికగ్నిషన్ ప్రాజెక్టు గడగడా అప్పజెప్పింది. రెండో ప్రశ్నకే ఆగిపోయింది.

"ఇది నువ్వే చేశావామ్మా?"

"లేదు సార్. నలుగురం కలిసి కొన్నాం."

"పోనీ, నీ అంతట నువ్వు చేసిందేదైనా చెప్పు. తెలుగులోనే చెప్పు."

వాళ్ల నాన్న ఊళ్లో పాలకేంద్రం నడుపుతాడట. ఎవరెన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత, 15 రోజులకు ఎంత ఇవ్వాలి, అంతా పుస్తకంలో రాస్తాడు. ఆ లెక్కను ఈ పిల్ల ఎక్సెల్‌లో పెట్టింది. పుస్తకానికీ షీటుకీ ప్రతిసారీ కొద్ది రూపాయల తేడా. నాన్న పోనీలే అన్నా వదల్లేదు. రెండు రాత్రులు కూర్చుని ఒక్కో పూట లెక్కా సరిచూసింది. నాన్న ఏ పూటకాపూట పైసలు సవరించి రూపాయల్లో రాస్తున్నాడు. షీటు పైసలతో సహా కూడి చివర్లో సవరిస్తోంది.

"మరి ఏది మార్చావు?"

"షీటునే సార్. పాలు పోసేవాళ్ల దగ్గరున్న చీటీ ప్రకారమే కదా డబ్బులివ్వాలి."

జావా, పైథాన్ చేరాక ట్రైనింగ్‌లో నేర్పుకుంటాం. కొద్ది రూపాయల తేడాకు నిద్రపట్టకపోవడం మేం నేర్పలేం. ఆ లెక్క ఎవరి కోసమో గుర్తుంచుకోవడం అసలే నేర్పలేం.

నా పక్కనున్నాయన అప్పటికే కమ్యూనికేషన్ గడిలో 2 వేసేశారు. ఇంగ్లిష్ అవసరమే, కాదనను. కానీ తప్పెక్కడుందో అంత వరసగా విప్పి చెప్పడాన్ని ఏ గడిలో వేద్దామని అడిగాను. ఆయన కాసేపు కాగితం వంక చూసి, అంకె కొట్టేసి మళ్లీ వేశారు.