రామన్ ప్రయోగశాల, స్త్రీలు, కులం: ‘డిస్పర్స్‌డ్ రేడియన్స్’ మీద ఒక దళిత పరిశీలన

ప్రతి ఏటా ఫిబ్రవరి 28న మన బడుల్లో సైన్స్ దినోత్సవం జరుపుతారు. 1928లో అదే రోజున సి.వి.రామన్ కాంతి పరిక్షేపణంలో కొత్త విషయం కనుక్కున్నాడనీ, 1930లో నోబెల్ బహుమతి వచ్చిందనీ పిల్లలకు చెబుతారు. విశాఖపట్నంలోనైతే ఇంకొంచెం గర్వంగా చెబుతారు. ఆయన తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్‌గా పనిచేశాడు, రామన్ చిన్నప్పటి చదువు ఆ వూళ్లోనే సాగింది. అయితే ఆ మహానుభావుడి ప్రయోగశాలలోకి ఎవరు రాగలిగారు, వచ్చినవాళ్లలో ఎవరికి డిగ్రీ దక్కింది, ఎవరు గడప దాకా కూడా రాలేకపోయారు అన్నది మాత్రం ఏ బడిలోనూ చెప్పరు. అభా సుర్ రాసిన ‘డిస్పర్స్‌డ్ రేడియన్స్’ ఈ ప్రశ్నల్లో మొదటి రెండింటికీ సమాధానం చెబుతుంది. 2011లో నవయాన ప్రచురించిన ఈ పుస్తకం కులాన్నీ, జెండర్‌నీ, ఆధునిక విజ్ఞానశాస్త్రాన్నీ ఒక్కచోట పెట్టి చూసింది. అందుకే మనం దీన్ని శ్రద్ధగా చదవాలి. మూడో ప్రశ్నను అది ఎక్కడ వదిలేసిందో కూడా చూడాలి.

1. పుస్తకం చెప్పేదేమిటి?

సైన్సుకు కులం లేదనేది మన విశ్వవిద్యాలయాల్లో బాగా చెలామణీలో వున్న మాట. న్యూటన్ సూత్రం బాపనయ్యకైనా మాదిగోడికైనా ఒకటే కదా అంటారు. సూత్రం ఒకటే, నిజమే. కానీ ఆ సూత్రాన్ని పరీక్షించే గదికి తాళంచెవి ఎవరి దగ్గర వుంది అన్నది వేరే ప్రశ్న. అభా సుర్ స్వయంగా రసాయనశాస్త్రంలో శిక్షణ పొందిన మనిషి కాబట్టి ఈ రెంటినీ కలిపేసి గందరగోళం చెయ్యదు. సిద్ధాంతాన్ని సిద్ధాంతంగా వివరిస్తూనే, దాని చుట్టూ వున్న అధికారాన్ని బయటపెడుతుంది.

1940ల్లో స్ఫటికాల్లోని పరమాణువుల కంపనాల గురించి రామన్‌కూ మాక్స్ బార్న్‌కూ పెద్ద తగాదా నడిచింది. చివరికి శాస్త్రలోకం బార్న్ పక్షానే నిలిచింది. ఈ తగాదాను రచయిత్రి ఇద్దరు మేధావుల పంతంగా కొట్టిపారేయలేదు. ప్రయోగశాలలో గురువు మాటే చెల్లడం, శిష్యుల ఫలితాలు గురువు సిద్ధాంతానికి ఆసరాగా నిలబడాల్సి రావడం, ప్రకృతిలో సౌందర్యాన్నీ క్రమాన్నీ వెతికే రామన్ దృష్టి, ఆయన సామాజిక స్థానం – వీటి మధ్య సంబంధాన్ని పరిశీలించింది.

దీనికి ఎదురుగా మేఘనాథ్ సాహాను నిలబెట్టింది. సాహా 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో చిల్లర కొట్టు నడుపుకునే కుటుంబంలో పుట్టాడు. కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్లో పై కులాల విద్యార్థులు ఆయన్ని తమ పంక్తిలో కూర్చోనివ్వలేదు. 1920లో నక్షత్రాల వాతావరణాన్ని అర్థం చేసుకునే అయనీకరణ సమీకరణం ఇచ్చిన శాస్త్రవేత్త ఆయన. 1952లో పార్లమెంటుకు గెలిచి, దేశంలో సైన్సు ఎవరి కోసం అని నిలదీసిన మనిషీ ఆయనే. సాహాకు సైన్సులో కనిపించిన సమానత్వం ఆయన పడ్డ అవమానాల నుంచి వేరుగా లేదని రచయిత్రి చెప్పిన తీరు బలంగా వుంది.

2. రామన్ దగ్గరికి వచ్చిన స్త్రీలు

పుస్తకంలో మనకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. రామన్ స్త్రీలను సులభంగా చేర్చుకున్న మనిషి కాదు. 1933లో జీవరసాయనశాస్త్రం చదవడానికి బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చిన కమలా సొహోనీని, ఆడపిల్ల అన్న కారణంతోనే కాదన్నాడు. ఆమె పట్టుబట్టి కూర్చుంటే ఏడాది పాటు పరీక్షగా చూస్తానన్న షరతు మీద ఒప్పుకున్నాడు. తర్వాత భౌతికశాస్త్ర విభాగంలో లలితా దొరైస్వామి, సునందా బాయి, అన్నా మణి రామన్ దగ్గర పనిచేశారు.

లలిత 1936లో ఎస్.చంద్రశేఖర్‌ను పెళ్లాడి పరిశోధన వదులుకుంది. భర్తకు 1983లో నోబెల్ వచ్చింది. ఆమె శాస్త్రవేత్త భార్యగా మిగిలింది.

సునందా బాయి కాంతి పరిక్షేపణం మీద పరిశోధనా పత్రాలు అచ్చువేసింది. అయినా ఆమెకు పిహెచ్.డి. రాలేదు. పై పరిశోధనకు స్వీడన్ వెళ్లాల్సిన ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఎందుకు చనిపోయిందో ఊహించి రాయడం మన పని కాదు. కానీ అంత పని చేసిన మనిషి సైన్సు చరిత్రలో ఒక అడుగు పేరాగా కూడా మిగలకపోవడాన్ని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

అన్నా మణి సంగతి మరీ విచిత్రం. తిరువాన్కూరులోని పీర్మేడులో 1918లో పుట్టింది. 1940లో రామన్ ప్రయోగశాలలో చేరింది. వజ్రాలు, కెంపుల వర్ణపటాల మీద పనిచేసింది. ఒక్కొక్క ఫోటో పలక మీద కాంతి పడటానికి పదిహేను, ఇరవై గంటలు పట్టేది. రాత్రిళ్లు అక్కడే వుండి పనిచేసేది. 1942కీ 1945కీ మధ్య ఒంటరిగా అయిదు పత్రాలు ప్రచురించింది. థీసిస్ రాసి మద్రాసు విశ్వవిద్యాలయానికి పంపితే, నీకు ఎం.ఎస్సీ. లేదు కాబట్టి పిహెచ్.డి. ఇవ్వం అన్నారు. ఆనర్స్ డిగ్రీ వుంది, పరిశోధనకు స్కాలర్‌షిప్ వచ్చింది, థీసిస్ చేతిలో వుంది. అయినా కాగితం లేదన్నారు. ఆ థీసిస్ ఇప్పటికీ రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో డిగ్రీలు వచ్చిన థీసిస్‌ల పక్కనే వుంది.

ఆమె 1945లో ఇంగ్లండు వెళ్లింది. భౌతికశాస్త్రం చదవాలనుకుంటే దొరికిన స్కాలర్‌షిప్ వాతావరణ పరికరాలకు సంబంధించింది. 1948లో పూనా వాతావరణ శాఖలో చేరి, దేశానికి కావలసిన కొలమాన పరికరాలు ఇక్కడే తయారయ్యేట్టు చేసింది. సౌరశక్తి, గాలి, ఓజోన్ కొలతల్లో పునాది వేసి 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయింది. పిహెచ్.డి. రాకపోవడం తనకేమీ లోటు చెయ్యలేదని పెద్దయ్యాక అనేదట. ఆ మాట ఆమె అనగలదు. ఆ లోటును ఎవరు తట్టుకోగలరు, ఎవరు తట్టుకోలేరు అనే దగ్గర మన విమర్శ మొదలవుతుంది.

3. రెండు అధ్యాయాల మధ్య జారిపోయిన మనిషి

అన్నా మణి తండ్రి ఇంజనీరు. యాలకుల తోటలున్న సిరియన్ క్రైస్తవ కుటుంబం. ఎనిమిదో పుట్టినరోజుకు వజ్రపు కమ్మలు ఇస్తామంటే వద్దని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కొనిపించుకున్నదని ఆమె గురించి రాసేవాళ్లంతా ముచ్చటగా రాస్తారు. ముచ్చటే. కానీ కమ్మలో పుస్తకాలో కోరుకునే స్థితి ఎన్ని ఇళ్లలో వుంటుంది? లలిత తమిళ బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చింది. మద్రాసులో వితంతువుల చదువు కోసం పనిచేసిన సిస్టర్ సుబ్బలక్ష్మి ఆమెకు పెద్దమ్మ వరస. అంటే చదువుకున్న స్త్రీలు ఇంట్లో ముందే వున్నారు. ఈ నేపథ్యాన్ని రచయిత్రి దాచలేదు. అయితే దాని పర్యవసానాన్ని చివరి దాకా లాగలేదని నా ఫిర్యాదు.

పుస్తకం నిర్మాణమే చూడండి. కులం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఒక మగవాడు, సాహా, ముందుకొస్తాడు. స్త్రీల గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు పై కులాల, సంపన్న కుటుంబాల స్త్రీలు వస్తారు. దళిత స్త్రీ ఈ రెండు అధ్యాయాల మధ్య అట్ట సందులోంచి జారిపోయింది. సాహా కూడా కింది కులంగా అవమానపడ్డ వ్యాపార కులస్తుడే గానీ అంటరానివాడు కాదు. ఆయన అనుభవం నిజమైంది, విలువైంది. దాన్ని దళిత అనుభవానికి బదులుగా వాడుకోలేం. 1930ల్లో బెంగుళూరులో దళిత స్త్రీ భౌతికశాస్త్రవేత్త లేకపోతే రచయిత్రి ఎక్కణ్ణుంచి తెస్తుంది అని అడగొచ్చు. లేకపోవడమే చరిత్ర. లేనితనానికి కూడా ఒక అధ్యాయం రాయాలి.

అందుకు కావలసిన సరుకు ఆ కథలోనే వుంది. అన్నా మణి చిన్నప్పుడు గాంధీ వైకోం సత్యాగ్రహం కోసం తిరువాన్కూరు వచ్చాడు. ఆ ప్రభావంతో ఆమె ఖద్దరు కట్టడం మొదలుపెట్టింది. 1924-25ల్లో జరిగిన ఆ పోరాటం దేనికి? గుడి చుట్టూ వున్న రోడ్ల మీద ఈళవులు, పులయలు నడిచే హక్కు కోసం. ఆ పోరాటం నుంచి ఖద్దరు బయల్దేరి పదిహేనేళ్లలో రామన్ ప్రయోగశాల దాకా వెళ్లింది. పులయ అమ్మాయి మాత్రం రోడ్డు మీదే వుండిపోయింది.

ఇది ఈ ఒక్క పుస్తకంతో వచ్చిన చిక్కు కాదు. 2008లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తెచ్చిన ‘లీలావతీస్ డాటర్స్’ సంకలనంలో దాదాపు వందమంది భారతీయ మహిళా శాస్త్రవేత్తల కథలున్నాయి. స్త్రీలు సైన్సులో పడే పాట్లు తెలుసుకోవడానికి అది చాలా పనికొస్తుంది. కానీ ఆ పేరేమిటి? భాస్కరాచార్యుడి గణిత గ్రంథం పేరు అది. ఆ లీలావతి ఆయన కూతురేనని, పెళ్లి ముహూర్తం తప్పిందని కట్టుకథ. శాస్త్రం చదివే ఆడపిల్లలంతా జ్యోతిష పండితుడి వంశంలో పుట్టినట్టేనా? మాల మాదిగ వాడల్లోంచి ఫిజిక్స్ చదవడానికి వచ్చిన అమ్మాయి ఎవరి కూతురు?

4. నిబంధన ఎవరి భాష మాట్లాడుతుంది?

స్త్రీలు సైన్సులో ఎందుకు తగ్గిపోతున్నారో చెప్పడానికి పరిశోధకులు నీళ్ల గొట్టం పోలిక వాడతారు. బడి నుంచి ప్రొఫెసర్ ఉద్యోగం దాకా ఒక గొట్టం వుందనీ, పెళ్లి దగ్గరా పిల్లల దగ్గరా చిల్లులు పడి స్త్రీలు కారిపోతున్నారనీ అంటారు. పోలిక బాగానే వుంది. వాడలో పెరిగినవాళ్లు మాత్రం ముందు అడిగేది, ఆ గొట్టం మా వాడ దాకా వచ్చిందా అని.

ప్రభుత్వ పథకాలు కూడా చిల్లుల లెక్కనే నమ్ముకున్నాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం మొదలుపెట్టింది. మధ్యలో చదువో వృత్తో ఆగిపోయిన స్త్రీలు మళ్లీ పరిశోధనలోకి రావడానికి అది. మంచిదే. కానీ ఆగిపోవడం అంటే పరిశోధన మొదలుపెట్టాక ఆగిపోవడం అని అర్థం. ఇంటర్లో ప్రాక్టికల్స్ అంటే రికార్డు రాయడమే అయిపోయిన అమ్మాయి, డిగ్రీ అవ్వగానే తమ్ముడి చదువు కోసం ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరిన అమ్మాయి, తెలుగు మీడియం నుంచి వచ్చి ఎం.ఎస్సీ. మొదటి ఏడాది క్వాంటం మెకానిక్స్ పుస్తకం ముందు నోరు పెగలక కూర్చున్న అమ్మాయి – వీళ్ల ఆటంకం ఆ దరఖాస్తు ఫారంలో ఏ గడిలో రాయాలి?

దాటుకుని పిహెచ్.డి. దాకా వస్తే అక్కడ నిబంధన ఎదురవుతుంది. అన్నా మణికి అడ్డొచ్చిన నిబంధనలో స్త్రీ అనే మాట లేదు. అట్లాగే ఈనాటి నిబంధనల్లో కులం అనే మాట వుండదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ 2008 ఫిబ్రవరిలో చనిపోయాడు. సేలం జిల్లా నుంచి వచ్చిన దళిత విద్యార్థి. అతనికి గైడును కేటాయించలేదు, ఫెలోషిప్ ఆగింది. గైడుల కేటాయింపులో భౌతికశాస్త్ర విభాగం నడిపిన తీరును విచారణ కమిటీ కూడా తప్పుపట్టింది. సునందా బాయినీ సెంథిల్‌నీ నేను ఒకే గాటన కట్టడం లేదు. కాలం వేరు, కులం వేరు. పరిశోధన చేయగలిగిన మనిషిని తిట్టకుండా, కొట్టకుండా, కాగితంతో బయటే నిలబెట్టే పద్ధతి మాత్రం రెండు చోట్లా కనిపిస్తుంది.

అదే విశ్వవిద్యాలయంలో 2019 సెప్టెంబరులో భౌతికశాస్త్రంలో స్త్రీల సమానత్వం గురించి జాతీయ సదస్సు జరిగింది. ‘హైదరాబాద్ చార్టర్’ అనే ప్రకటన దాన్నుంచే వచ్చింది. స్త్రీలు తమ వృత్తిలోని వివక్షను అంత బహిరంగంగా చర్చకు పెట్టడం చిన్న విషయం కాదు. ఆ ప్రకటనను మనం తోసిపుచ్చనక్కర్లేదు. గైడు కేటాయింపు, వైవా, ఇంటర్వ్యూ బోర్డు – ఈ మూడు చోట్లా దళిత విద్యార్థినికి అది ఏ మేరకు పనికొస్తుందో అడిగి తీరాలి.

అదే 2019లో పార్లమెంటు కేంద్ర విద్యాసంస్థల్లో అధ్యాపక పోస్టుల రిజర్వేషన్ చట్టం చేసింది. దాని నాలుగో సెక్షన్ కింద కొన్ని ‘శ్రేష్ఠ’ సంస్థలను రిజర్వేషన్ నుంచి మినహాయించారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ, హోమీ భాభా జాతీయ సంస్థ కిందున్న కేంద్రాలు ఆ జాబితాలో వున్నాయి. అంటే దేశంలో భౌతికశాస్త్రం లోతుగా జరిగే చోట్లలో చాలా భాగం. కలకత్తాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ కూడా వాటిలో ఒకటి. హాస్టల్ పంక్తిలోంచి లేపేసిన మనిషి పేరు పెట్టుకున్న సంస్థ, ఆ పంక్తి అవతల ఇంకా నిలబడి వున్నవాళ్లకు చట్టప్రకారం సీటు ఇవ్వనక్కర్లేదు. ఇక్కడ ప్రతిభ అనే మాట చేస్తున్న పని ఏమిటో అభా సుర్ పుస్తకం చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

5. చేయాల్సిన పని

‘డిస్పర్స్‌డ్ రేడియన్స్’ను మన విద్యార్థులు చదవాలి. సైన్సు చరిత్రను పొగడ్తల నుంచి విడదీసి ఎట్లా రాయాలో అది నేర్పుతుంది. తెలుగులోకి రావాల్సిన పుస్తకం. కానీ అనువాదంతో పని అయిపోదు. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చేదాకా దళిత స్త్రీల సాహిత్యం ఎక్కడుందని అడిగినవాళ్లున్నారు. వెతికితే 1921 నుంచీ వుందని తేలింది. సైన్సు విషయంలో ఆ వెతుకులాట ఇంకా మొదలవ్వాలి. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయిన దళిత టీచరమ్మలు, ఎం.ఎస్సీ.తో ఆగిపోయినవాళ్లు, ల్యాబ్ అసిస్టెంట్లుగా పరికరాలన్నీ తెలిసి కూడా పత్రాల్లో పేరు లేనివాళ్లు, నానా తంటాలు పడి లెక్చరర్లయినవాళ్లు – వీళ్లంతా భౌతికశాస్త్ర చరిత్రలో భాగమే. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ 2016లో అమ్మాయిలకు డిగ్రీ కాలేజీలు పెట్టింది. వాటిలోంచి ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌కు వెళ్లినవాళ్లెందరు, తర్వాత ఏమయ్యారు అన్నది టీచర్లూ విద్యార్థి సంఘాలూ కలిసి రాసిపెట్టగలిగిన పనే.

ఇప్పుడు పరిశోధనలో వున్న దళిత విద్యార్థినుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పేరు పెట్టి చెప్పమని వాళ్లను ఎవరూ ఒత్తిడి చెయ్యకూడదు. థీసిస్ మీద గైడు సంతకం ఇంకా పడాల్సి వుంది. డిగ్రీ చేతికి వచ్చాక, ఎట్లా చెప్పాలో వాళ్లే చెబుతారు. అప్పటిదాకా పేరు లేకుండానే రాసి దాచుకుందాం.