పలకకూడని చెక్క

విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస దుంగ తీసుకుని, కుండనూ దండినీ విడదీయకుండా, ఒకే మానులోంచి వీణను తొలుస్తారు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. తీగ మీటగానే ఆ చెక్క పలకాలి. ఎంత బాగా పలికితే అంత మంచి వీణ.

సెలవు రోజుల్లో మా మేడ మీద నేను చేసే పని సరిగ్గా దీనికి ఎదురు. సబ్‌వూఫర్ పెట్టెలు కడతాను. 18 అంగుళాల స్పీకరు పట్టే పెద్ద పెట్టెలు. వీటిలో చెక్క పలకకూడదు. స్పీకరు మోగుతున్నంతసేపూ చుట్టూ ఉన్న ఆరు పలకలూ నోరు మెదపకూడదు. చెక్కను పలికించడానికి ఎంత విద్య కావాలో, పలకకుండా ఆపడానికీ అంతే కావాలని ఈ పనిలో దిగాకే నాకు తెలిసింది. ఆ విద్యలో ముప్పాతిక వంతు అతుకులోనే ఉంది.

అసలు స్పీకరుకు పెట్టె ఎందుకు? కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ స్వరం సుమారు 41 హెర్ట్జ్. గాలిలో దాని తరంగం పొడవు 8 మీటర్లకు పైనే. అంత పొడుగు తరంగానికి అడుగున్నర స్పీకరు అడ్డే కాదు. ముందు పుట్టిన ఒత్తిడి అంచు చుట్టి వెనక్కి వెళ్లి, అక్కడి వెలితిని పూడ్చేస్తుంది. విడి స్పీకరు ఎంత ఊగినా బేస్ వినపడనిది అందుకే. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు వేరే కథ చెబుతూ నడుస్తుంది. చిన్న స్పీకర్లలో ఆ కథ సగం మనకు చేరదు. వెనక గాలిని ముందు గాలితో కలవనీయకుండా ఆపే గోడే పెట్టె.

ఆ గోడ వెనక పెద్దల బుర్ర చాలా ఉంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థూరాస్, పెట్టెకు లెక్క ప్రకారం ఒక గొట్టం పెడితే వెనక శబ్దాన్ని కూడా పనిలో పెట్టుకోవచ్చని చూపించి 1932లో పేటెంటు పొందాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దం వెనకున్న సూత్రమే అది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ పెట్టెను పూర్తిగా మూసేసి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఈ విషయాన్నంతా సమీకరణాల్లోకి తెచ్చారు. స్పీకరుతో వచ్చే కాగితంలోని నాలుగు అంకెలు కంప్యూటరులో వేస్తే ఎన్ని లీటర్ల పెట్టె కావాలో ఇప్పుడు క్షణంలో తెలుస్తుంది. లెక్క అందరి చేతికీ వచ్చేసింది. చెక్కపని మాత్రం ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిందే.

ఇంత పెద్ద పెట్టె అవసరమా అని ఇంటికి వచ్చినవాళ్లు అడుగుతారు. దానికి కూడా జవాబు భౌతికశాస్త్రంలోనే ఉంది. పెట్టె చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా దిగాలి, తక్కువ కరెంటుతోనే గట్టిగా మోగాలి అంటే మూడూ ఒకచోట దొరకవు. ఏవో రెండు ఎంచుకుని మూడోది వదులుకోవాలి. జోసెఫ్ హాఫ్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద దీన్ని ఉక్కు సూత్రమంటారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఇక్కడ కుదరదు. నేను చోటు వదులుకున్నాను.

ఇక పలకల మీద పడే భారం చూడండి. నా పెట్టె లోపలి కొలతలు 56 సెంటీమీటర్లు, 56, 65. అంటే సుమారు 204 లీటర్లు. 18 అంగుళాల కోన్ ఒక సెంటీమీటరు వెనక్కి కదిలితే లీటరుకు పైగా గాలి లోపలికి నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడిని లెక్కగడితే ఒక్కో పక్క పలక మీద 30 కిలోల బరువు మోపినట్టు. కోన్ ముందుకు వెళ్లగానే అదే బలం లోపలికి లాగుతుంది. 40 హెర్ట్జ్ స్వరమైతే ఈ తోపులాట సెకనుకు 40 సార్లు. పాట నడిచినంతసేపూ, ఏళ్ల తరబడి. మేకు కొట్టి పైన సన్‌మైకా అంటించిన అతుకు దీనికి ఎంతకాలం ఆగుతుంది?

చెక్క అనగానే మన ఇళ్లలో టేకు పేరే ముందు వస్తుంది. తలుపులకూ కిటికీలకూ దాన్ని మించింది లేదు. కానీ ఇంత వెడల్పు పలకలకు, గాలి చొరబడని పెట్టెకు అది పనికిరాదు. ఏ మానైనా వానాకాలంలో తేమ పీల్చి ఈనెకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. ఆ కదలికకు అతుకు విడుతుంది. ప్లైవుడ్‌లో ఒక పొర ఈనె నిలువుగా, తర్వాతి పొర ఈనె అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు. కొట్లో 710 అని అడిగితే ఇచ్చే 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై నాకు నచ్చింది. కొనేముందు అంచులు నాలుగూ చూడాలి. పొరల మధ్య నల్లటి సందు కనిపిస్తే లోపల డొల్ల ఉన్నట్టే. వేలి కణుపుతో తట్టినా తెలిసిపోతుంది. డొల్ల ఉన్నచోట పలక స్వరం మారుతుంది. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కదానిలో ఆరు పలకలూ వస్తాయి. స్పీకరు బిగించే ముందువైపు పలకను రెండు పొరలు చేయాలంటే రెండో షీటు కావాలి.

ఇప్పుడు అసలు సంగతి, అతుకు. ఒక పలక అంచును ఇంకో పలకకు నేరుగా ఆనించి బిగిస్తే జిగురు పట్టే వెడల్పు 18 మిల్లీమీటర్లే. ఒక పలక అంచున 9 మిల్లీమీటర్ల లోతు మెట్టు తీసి, రెండో పలకను అందులో కూర్చోబెడితే ఆ వెడల్పు 27 అవుతుంది. గాలి బయటపడాలంటే ఒక మలుపు కూడా తిరగాలి. పలక పక్కకు జరగాలన్నా మెట్టు జరగనివ్వదు. లోపల అడ్డుపట్టీలకు కూడా గాళ్లు తీసి దించుతాను. పలక మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది, బరువూ రెట్టింపవుతుంది. సరైన చోట ఒక అడ్డుపట్టీ వేస్తే అంత బరువు పెరగకుండానే పలక ఊగడం తగ్గుతుంది. పట్టీని నట్టనడుమ కాకుండా కాస్త పక్కకు వేస్తాను. అప్పుడు రెండు భాగాలూ ఒకే స్వరానికి స్పందించవు.

మెట్టు తీసేది రూటర్ మిషనే అయినా మూలలు మాత్రం ఉలితోనే శుభ్రం చేయాలి. ఈ మూలల పని నాకు మా వీధి చివర కొట్టున్న పెద్ద వడ్రంగి నేర్పారు. ఆయన కళ్లద్దాలు తీసి, కళ్లు మూసుకుని, బొటనవేలి గోరును అతుకు మీద అడ్డంగా లాగుతారు. గోరు ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత పెడతారు. ఒకరోజు అడిగాను, “ఆచారి గారూ, కాస్త సందున్నా జిగురు నింపుకోదా?” అని.

“జిగురు పట్టుకుంటది బాబూ, మోయదు. చెక్కను చెక్కే మోయాలె” అన్నారు.

ఈ విషయం మీద ఇంతకన్నా మంచి పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కాబట్టి ముందు జిగురు లేకుండా పెట్టె మొత్తం కూర్చి చూడాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి, మళ్లీ రెండో జత మూలలకు పట్టి, రెండు కొలతలూ సమానమయ్యేదాకా సరిచేయాలి. ఏ క్లాంపు ఎక్కడ పడుతుందో కూడా అప్పుడే ఖాయం చేసుకోవాలి. మన ఎండల్లో జిగురు వ్యవధి ఇవ్వదు. మే నెల మధ్యాహ్నం ఫెవికాల్ రాస్తే, రెండో పలక ఎత్తి తెచ్చేలోపే పైన తొక్క కడుతుంది. అందుకే జిగురు పని నేను తెల్లవారకముందే మొదలుపెడతాను. క్లాంపు బిగించేకొద్దీ అతుకు పొడవునా జిగురు సన్నటి పూసలుగా బయటికి వస్తుంది. పూసల వరుస ఎక్కడా తెగకూడదు. తెగిన చోట జిగురు చాలలేదని అర్థం. ధారగా కారితే ఎక్కువైందని. ఆ పూసల వరుస చూస్తూ మెట్టు వెంట నడిచే ఆ కొద్ది నిమిషాల కోసమే నేను ఈ పని చేస్తానంటే అతిశయోక్తి కాదు. ఆ కాసేపు మనసు ఇంకెక్కడికీ పోదు.

ఆరాక రెండు పరీక్షలు. రాత్రి లైట్లన్నీ తీసేసి, పెట్టెలో టార్చి వెలిగించి పెట్టి, స్పీకరు రంధ్రాన్ని దుప్పటితో కప్పి, చుట్టూ తిరిగి చూడాలి. వెలుగు గీత ఎక్కడా బయటపడకూడదు. తర్వాత స్పీకరు బిగించి, ఫ్యాను ఆపి, 20 హెర్ట్జ్ దగ్గరి ధ్వనిని చిన్నగా నడిపిస్తూ, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట తీసుకువెళ్లాలి. సందున్న చోట పొగ వణుకుతుంది. మూసిన పెట్టెలో ఆ చిన్న సందే పాట మధ్యలో ఈల వేస్తుంది. వెలుగుకు దొరకనిది కూడా పొగకు దొరుకుతుంది.

పెట్టె సరిగ్గా కుదిరిందో లేదో చివరికి అరచేయి చెబుతుంది. పాట నడుస్తుండగా పక్క పలక మీద చేయి ఆనిస్తే గదిలో గాలి కదులుతున్నట్టు ఒంటికి తెలియాలి, చేతికి మాత్రం చెక్క నిలకడగా తగలాలి. అలాంటి పెట్టెలో మృదంగం తొప్పి దెబ్బ మొదలూ తుదీ స్పష్టంగా వినిపిస్తాయి. సొంతంగా పలికే పెట్టెలో ఆ దెబ్బకు తోక మొలుస్తుంది, బుడబుడమని ఒకటే స్వరం అన్ని పాటల్లోనూ మోగుతుంది. మన ఊరేగింపుల్లో వీధులు అదరగొట్టే పెట్టెల నుంచి చాలాసార్లు వచ్చేది ఈ తోకే. దాన్నే బేస్ అనుకుంటున్నాం.

మంచి పెట్టెకు గట్టిగా మోగాల్సిన పని లేదు. బేస్ గోడలు దాటి పక్కింటికి సులువుగా వెళ్తుంది కాబట్టి పెద్ద పెట్టె కట్టినవాడికి బాధ్యత కూడా పెద్దదే. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పది దాటితే మా ఇంట్లో సబ్‌వూఫర్ స్విచ్ కట్టేస్తాం. లోతు కోసం కట్టుకున్న పెట్టెను హోరుకు వాడడం దాన్ని కట్టిన చేతులకే అవమానం.

ఈ అతుకులు ఒక్క సబ్‌వూఫరుకే సంబంధించినవి కావు. కుసి, బెజ్జం కచ్చితంగా కుదిర్చి మంచాలూ ద్వారబంధాలూ చేసిన వడ్రంగులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లను పిలిచి మనం అడుగుతున్నది ఎప్పటికి అయిపోతుందని, పైన ఏ రంగు వేస్తారని. లోపలి పనికి మనం కూలి కట్టడం లేదు కాబట్టి వాళ్లూ మేకుల గన్ను పట్టుకుంటున్నారు. ఈసారి మీ ఇంట్లో బీరువా చేయించినా, బల్ల చేయించినా, సన్‌మైకా పుస్తకం తెరిచేముందు అతుకు ఎలా వేస్తారో అడగండి. దానికి ఇంకో రోజు పడుతుందని మేస్త్రి చెబితే ఆ రోజు కూలి కూడా ఇవ్వండి.